కాటా మీద ఖాళీ బండి

1989, రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండలంటారే, అవి. బెజవాడ ఆటోనగర్‌లో మిట్టమధ్యాహ్నం పానా పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది. ఆ ఎండల్లో, నాగుల్ మీరా మేస్త్రి గారి షెడ్డు వెనక రేకుల పంచన, ఏడుకొండలు సొంతంగా ఒక పందెం కారు కడుతున్నాడు.

అతనికి ముప్ఫై దాటింది. మీసాలు రాకముందే ఆ షెడ్డులో చేరాడు. ఇంజను విప్పి కట్టడంలో ఆ వీధి మొత్తానికి అతని తర్వాతే ఎవరైనా. పేరు మాత్రం రాలేదు. ఎవరడిగినా "మీరా మేస్త్రి గారి శిష్యుడు" అనేవాళ్ళు. మొదట్లో ఆ మాటకు ఛాతీ పొంగేది. పోనుపోను అది వీపు మీద మూటలా తయారైంది.

ముందటి ఏడు ఒక రైసుమిల్లు యజమాని కొడుకు తన కారు తెచ్చి ఇంజను కట్టమన్నాడు. మద్రాసు అవతల, విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే మీద డ్రాగ్ రేసు ఉందన్నాడు. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. జెండా కిందికి దిగగానే పావు మైలు దూరం తాడు లాగినట్టు సూటిగా పరిగెత్తాలి. మలుపుల్లేవు. బిగబట్టిన ఊపిరి వదిలేలోగా అయిపోతుంది.

కొండలు కట్టిన ఇంజనుతో ఆ కారు నెగ్గింది. కుర్రాడి మెళ్ళో దండ పడింది. ఫోటోలు తీసే అతను "ఇంజను పని ఎవరిది సార్?" అనడిగాడు.

"మా ఊళ్ళో లారీలు బాగుచేసే మేస్త్రి ఒకాయన ఉన్నాడులెండి. ఆయన శిష్యుడెవరో చేశాడు," అన్నాడు ఆ కుర్రాడు.

ఆ శిష్యుడెవరో అప్పుడు ఆ కారు చక్రం పక్కనే గొంతుక్కూచుని నట్లు చూసుకుంటున్నాడు.

తిరుగు రైల్లో కొండలు అన్నం పొట్లం విప్పలేదు. వచ్చే పందెంలో తన కారు నిలబడాలి. స్టీరింగు తన చేతిలో ఉండాలి. నెగ్గితే ఆ ఊపుతో వేరే షెడ్డు వేసుకోవాలి. బోర్డు మీద తన పేరు తప్ప ఇంకో అక్షరం ఉండకూడదు.

మేస్త్రి గారికి పందెం సంగతి చెప్పాడు. బోర్డు సంగతి చెప్పలేదు.

మీరా మేస్త్రికి డెబ్బై దగ్గర. తుంటి పట్టేసి ఒక కాలు ఈడుస్తూ నడిచేవాడు. దూదేకుల సాయిబు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా శుక్రవారం నమాజు మాత్రం తప్పేవాడు కాదు. పనివాళ్ళు ఎంతమంది ఉన్నా పొద్దున్నే షెడ్డు తనే ఊడ్చుకునేవాడు. ఎందుకండీ మీకీ చాకిరీ అంటే, "ఊడిస్తే నిన్నటి పని తెలుస్తుందిరా," అనేవాడు. అంతకు మించి మాట్లాడడం ఆయనకు చేతకాదు.

కొండలు చెప్పిందంతా విని, "వెనక రేకుల కింద చోటుందిగా. కట్టుకో," అన్నాడు.

ఒంటిచేత్తో అయ్యే పని కాదది. స్నేహితులు ముగ్గురు కలిసొచ్చారు. యోహాను వెల్డరు. బ్రహ్మం కమాన్ కట్టల పనివాడు. లారీ బరువంతా మోసే ఆ ఉక్కు పట్టీలను కొలిమిలో కాల్చి, వంచి, దొంతర పేర్చి కడతాడు. రత్తయ్యకు ఇనుము తరిగే లేతు మిషనుంది. ముగ్గురూ పగలంతా ఎవరి షెడ్డులో వాళ్ళు లారీల కింద దూరి, సాయంత్రాలూ ఆదివారాలూ ఇక్కడికొచ్చి చెయ్యి వేసేవాళ్ళు. కూలి అడగలేదు. టీ తాగేవాళ్ళు, తిట్టుకునేవాళ్ళు, మళ్ళీ సుత్తి అందుకునేవాళ్ళు.

నెలలు గడిచేకొద్దీ నవ్వులు తగ్గి ఆవలింతలు ఎక్కువయ్యాయి. యోహాను కళ్ళు వెల్డింగు మంటకు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. అతని భార్య క్యారేజీ పంపిస్తూ, "నా మెళ్ళో కట్టిన తాళేదో ఆ కారుకే కట్టుకోకపోయాడా," అని కబురు కూడా కలిపి పంపేది.

"ఏం చెప్పమంటావు మా చెల్లికి?" అనేవాడు కొండలు.

"కారుకి మెడ లేదని చెప్పు," అనేవాడు యోహాను, కళ్ళజోడు కిందికి లాక్కుంటూ.

ఎండలు ముదిరేసరికి కారు నాలుగు చక్రాల మీద నిలబడింది. పైన బాడీ రేకు లేదు. ఇనుప చట్రం, మిలిటరీ వేలంలో తెచ్చిన పెట్రోలు ఇంజను, ఒక్క సీటు, సీటు వెనక విల్లులా వంచిన గొట్టం. అంతే. పందెంలో ప్రతి బరువూ వెనక్కి లాగేదే కాబట్టి తూకం చూసుకోవాలన్నాడు కొండలు. ఇంజనుకు ఇంకా గొట్టాలు బిగించలేదు. నలుగురూ తోసుకుంటూ లారీల కాటా దగ్గరికి తీసుకెళ్ళారు.

కాటా గుమాస్తా కిటికీలోంచి ముల్లు చూశాడు. "లోడు దించేసి రండి," అన్నాడు.

"లోడేంటి?" అన్నాడు కొండలు.

"ఖాళీ బండి తూకం కావాలన్నావు కదయ్యా. అందులో ఉన్నదేదో దించితేనే కదా ఖాళీ అవుద్ది."

"ఇదే ఖాళీ బండి!"

గుమాస్తా బయటికొచ్చాడు. చుట్టూ తిరిగాడు. వంగి కింద చూశాడు. "దీని మీద ధాన్యం తోలతారా?"

"పందెం కారిది."

"ఎవరితో? ట్రాక్టరుతోనా?"

అందరికంటే గట్టిగా నవ్వింది బ్రహ్మం. నవ్వి నవ్వి కాటా పలక మీదే కూలబడితే, ముల్లు ఇంకాస్త పైకెళ్ళింది. కొండలు నవ్వలేదు.

తప్పు ఎక్కడుందో అతనికి అర్థమైంది. పది టన్నుల లారీ మీద యజమాని పన్నెండు వేస్తాడనీ, డ్రైవరు దారిలో ఇంకో టన్ను ఎక్కించుకుంటాడనీ తెలిసి పనిచేసే చేతులవి. చట్రానికి రెండు పక్కలా నిలువునా వేసే ఇనుప ఛానల్ ఎంత మందం ఉండాలో కొండలు చెప్పాడు. యోహాను సరేనన్నాడు. సరేనని దానికి రెట్టింపు మందం తెచ్చి అతికించాడు. బ్రహ్మం కట్టలో రెండు పట్టీలు అదనంగా పెట్టాడు. రత్తయ్య ఒక బోల్టు చాలినచోట మూడు వేశాడు. ఎవరూ మోసం చెయ్యలేదు. సన్నగా చెయ్యడం వాళ్ళ చేతులకు రాదు.

ఆ సాయంత్రం టీల దగ్గర కొండలు మాట కదిపాడు.

"యోహానూ, ఛానల్‌కి వరసగా బెజ్జాలు వేసి బరువు తగ్గిద్దాం. విమానాలకు అట్లాగే చేస్తారంట."

"విమానం పడితే వెల్డర్ని అడిగేవాడు లేడు. నా బండి విరిగితే ఆటోనగరంతా నా ఇంటికొచ్చి అడుగుద్ది."

"పోనీ బ్రహ్మం, రెండు పట్టీలు తీసెయ్."

"తీస్తే ఇంక దాన్ని కమాను కట్ట అనరు. వెదురు బద్ద అంటారు. నా చేతి మీద ఇంతవరకూ ఏ బండీ కూలబడలేదు, చెబుతున్నా."

"బోల్టులైనా..."

"ఒరేయ్, బోల్టు ఎంతరా బరువు?" అన్నాడు రత్తయ్య. "పొద్దున నువ్వు మింగే ఇడ్లీలు రెండు తగ్గించుకో. సరిపోద్ది."

కొండలు మేస్త్రి గారి వైపు చూశాడు. ఆయన టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటున్నాడు.

"మీరు చెప్పండి. మీరు చెబితే వింటారు."

"నేను చెబితే వింటారు. నువ్వు చెబితే ఎందుకు వినరో కూచుని మాట్లాడుకోండి," అన్నాడు మేస్త్రి.

కూచోలేదు. అందరికీ నడుములు పడిపోయి ఉన్నాయి. రేపు చూద్దాంలే అని ఎవరి దోవన వాళ్ళు వెళ్ళిపోయారు. మర్నాడూ ఆ మాట ఎత్తలేదు. పందెం దగ్గర పడుతోంది. ఇంత బరువుతో వెళితే జెండా దిగాక కూడా కారు ఇంకా ఆలోచించుకుంటూ ఉంటుంది. రన్‌వే పక్కన నిలబడి నవ్వబోయే మొహాలు కొండలుకు కళ్ళు మూసినా తెరిచినా కనిపిస్తున్నాయి.

శుక్రవారం మధ్యాహ్నం మేస్త్రి గారు నమాజుకు వెళ్ళాడు. పనివాళ్ళు అన్నాలకు పోయారు. కొండలు డ్రిల్లు మిషను తీసుకుని కారు కింద దూరాడు.

మొదటి బెజ్జం వెయ్యడానికి చాలాసేపు పట్టింది. చెయ్యి ముందుకు పోలేదు. పక్కనే యోహాను వెల్డింగు, చీమల బారులా, ఒక్క వంకర లేకుండా. ఎండకు పైన రేకులు టప్పుమన్నాయి. మిషను నొక్కాడు. తర్వాతవి తేలిగ్గానే పడ్డాయి.

అట్లా మరో శుక్రవారం కూడా చేశాడు. ఛానల్ లోపలి వైపు జల్లెడైంది. దాని మీద పలచని రేకు అతికించి, లప్పం రాసి, ఎర్ర ఆక్సైడు వేశాడు. కట్ట విప్పి, పై వరస పట్టీలు మాత్రం ఉంచి, లోపలివి రెండు తీసి, సందులో చెక్క ముక్కలు దూర్చి మళ్ళీ బిగించాడు. బోల్టుల్లో సగం ఊడదీశాడు. ఊడదీసినవాటి తలకాయలు కోసి, అవే తలకాయల్ని లప్పంతో ఉన్నచోటే అంటించాడు. చూసేవాడికి మూడు బోల్టులు. ఉన్నది ఒకటి.

పని అయ్యాక లేవలేకపోయాడు. కారు కిందే వెల్లకిలా పడుకుని, చెమటా ఇనుప తురుమూ కలిసి మెడ మీద గరగరలాడుతుంటే, చాలాసేపు రేకు సందులోంచి వెలుగు చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు పొద్దున అతనొచ్చేసరికి మేస్త్రి గారు వెనక పంచ ఊడుస్తున్నాడు. చీపురు ముందు ఉంగరాలు తిరిగిన ఇనుప తురుము, చిన్న కుప్ప. ఆయన వంగలేక వంగి ఒక ఉంగరం తీసి, బొటనవేలితో దాని మందం చూశాడు.

"ఏం పని చేశావురా నిన్న?"

"సైలెన్సరు పట్టీకి బెజ్జాలండి."

"ఊఁ," అన్నాడు మేస్త్రి. తురుము చేటలోకెత్తి డబ్బాలో పోశాడు. మళ్ళీ ఊడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇంజను పని ముగించి కొండలు ఈసారి ఒక్కడే కారు నడుపుకుంటూ కాటాకు వెళ్ళాడు. గుమాస్తా ముల్లు చూసి తల బయటపెట్టాడు. "ఇప్పుడు కదా బండిలా ఉంది! ఏం దించావయ్యా?"

"ఉన్నదే దించాను," అన్నాడు కొండలు.

ముల్లు తనకు కావలసినచోటే నిలబడింది. ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. చెప్పుకోవడానికి ఉన్నది ఆ ముగ్గురే. వాళ్ళకు చెప్పేది కాదు. కాటా పలక మీద ఒక్కడే కాసేపు కూచుని, వెనకాల లారీ హారను కొడితే కదిలాడు.

వాళ్ళు ముగ్గురూ మామూలుగానే వచ్చిపోతున్నారు. రత్తయ్య లేతు మీద కొత్త గేరు రాడ్డు చేసి తెచ్చాడు. బ్రహ్మం చక్రాల దగ్గర గ్రీజు పెట్టిపోయాడు. యోహాను ఒక సాయంత్రం ఛానల్ మీద చెయ్యేసి నిమిరి, "రంగు నువ్వే వేశావా? పోన్లే, మంచి పని చేశావు. తుప్పు పట్టదు," అన్నాడు. కొండలు పని ఉన్నట్టు ఇంజను వైపు తిరిగాడు.

పందెం ఇక దగ్గరకొచ్చింది. కొండలు మేస్త్రి గారితో అన్నాడు: "ఆదివారం పొద్దున కొత్త బైపాస్ మీద ట్రయల్ చూసుకొస్తానండి. ఇంకా తెరవలేదుగా, ఖాళీగా ఉంటుంది. నేనొక్కణ్ణే పోతాను. వాళ్ళు అలిసిపోయున్నారు, పడుకోనీండి."

"ట్రయలా?" అన్నాడు మేస్త్రి. "ట్రయలంటే అందరూ ఎక్కాలిగా."

అది ఆ షెడ్డు ఆచారం. మేస్త్రి గారి గురువు పెట్టింది. షెడ్ల మధ్య మెల్లగా కదపడం లెక్కలోకి రాదు; బండి మీద ఎవరెవరు చెయ్యి వేశారో వాళ్ళంతా రోడ్డు మీద మొదటి పరుగులో ఆ బండిలో ఉండాలి. బ్రేకు కట్టినవాడు డ్రైవరు పక్కన, వెల్డరు ఫుట్‌బోర్డు మీద, కట్టలవాడు వెనక తొట్టిలో. నువ్వు బిగించిన నట్టు మీద నువ్వు కూచో, తర్వాత పరాయివాణ్ణి కూచోబెట్టు. వేరే షెడ్లవాళ్ళు దీన్ని చూసి నవ్వేవాళ్ళు. మీరా మేస్త్రి ఏనాడూ తప్పించలేదు.

"ఇది లారీ కాదు కదండీ. ఒక్కటే సీటు."

"నిలబడతారు."

"మీకు తుంటి..."

"నేను కూచుంటా," అన్నాడు మేస్త్రి. ముగ్గురికీ కబురు ఆయనే పంపాడు.

ఆదివారం. పొద్దెక్కకముందే గాలి వేడిగా ఉంది. బైపాస్ రోడ్డు కొత్త తారుతో నల్లగా, ఖాళీగా, చూపు ఆనినంత దూరం సూటిగా పడుంది. ముగ్గురూ నిద్ర చాలని మొహాలతో వచ్చారు. అయినా కారును ఎండలో చూసేసరికి హుషారొచ్చింది. బ్రహ్మం నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టాడు. యోహాను కళ్ళు మూసుకుని పెదాలు కదిపాడు.

మేస్త్రి గారు లుంగీ ఎగ్గట్టి, పట్టేసిన కాలు ముందు చాపి, డ్రైవరు సీటు పక్కన ఇనుప పలక మీద చతికిలబడ్డాడు. ఒక చెయ్యి కొండలు సీటు అంచు మీద వేశాడు. బ్రహ్మం, రత్తయ్య వెనక గొట్టం పట్టుకుని ఇరుసు పైన నిలబడ్డారు. యోహాను ఎడమ ఛానల్ మీద కాళ్ళు పెట్టాడు.

సరిగ్గా అక్కడే బెజ్జాలు ఒకదాని పక్కన ఒకటి దగ్గరగా పడ్డాయి.

"అటు కాదు యోహానూ, వెనక్కి రా," అన్నాడు కొండలు.

"ఎక్కడైతేనేం? అంతా నా వెల్డింగేగా."

"గాలి కొడుతుందిరా అక్కడ."

"కొట్టనీ. ఉడికిపోతున్నా."

"పోనివ్వు," అన్నాడు మేస్త్రి.

ఇంజను అందుకుంది. మిలిటరీ ఇంజను, దాని గర్జన వినడానికే జనం వస్తారు. నిమ్మకాయలు చిట్లాయి. మొదటి గేరులో కారు కదిలింది. రెండో గేరు వేశాడు. కాలి కింద ఇంజను ఇంకా ఇంకా అంటోంది. రోడ్డు తెరుచుకుని ఉంది. కొండలు చెవులు మాత్రం ఇంజను మీద లేవు. ఎడమ పక్క ఏదో కిర్రుమంది. లప్పం ముక్క ఒకటి ఊడి తారు మీద పడ్డం ఓరకంట కనిపించింది. యోహాను బరువు ఆ ఛానల్ మీద అటూ ఇటూ ఊగుతోంది. వెనక కట్టలో చెక్కముక్క కిచకిచలాడింది.

"మూడెయ్యరా!" అని అరిచాడు బ్రహ్మం.

కొండలు చెయ్యి గేరు రాడ్డు మీద ఉంది. వెయ్యలేదు.

"ఒరేయ్, పక్కన కుక్క దాటిపోతోంది చూడు!" అన్నాడు రత్తయ్య. "పెళ్ళి ఊరేగింపేంట్రా ఇది? బాజాలు పిలవనా?"

"తొక్కు బావా! నేను పట్టుకునే ఉన్నాగా!" అన్నాడు యోహాను. ఒక చెయ్యి వదిలి కొండలు భుజం కూడా చరిచాడు.

మేస్త్రి గారు రోడ్డు వైపు చూస్తున్నాడు. సీటు అంచు మీద ఆయన చెయ్యి కదల్లేదు.

కొండలు కాలు పైకి లేచింది. కారు దానంతట అది నెమ్మదించి, రోడ్డు మధ్యలో ఆగిపోయింది. అతను ఇంజను కట్టేశాడు. ఎక్కడో పొలంలో మోటారు కొట్టుకుంటోంది.

"ఏమైందిరా? వేడెక్కిందా?" అన్నాడు బ్రహ్మం దిగుతూ.

కొండలు దిగాడు. టూల్స్ సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసి, ఛానల్ లోపలి వైపు అతికించిన రేకు కింద దూర్చి పైకి లేపాడు. రేకు ఊడొచ్చింది. ఎవరూ అడగకముందే పక్కనున్న బోల్టు తల వేలితో గిల్లాడు. అదీ చేతిలోకొచ్చింది.

యోహాను మోకాళ్ళ మీద కూచున్నాడు. ఒక బెజ్జంలో వేలు పెట్టాడు. తీసి, పక్క బెజ్జంలో పెట్టాడు. ఆ రెంటి మధ్యా వెంట్రుకంత గీత ఒకటి కొత్తగా కనిపిస్తోంది. దాని మీద గోరుతో గీశాడు.

"ఎర్ర ఆక్సైడు కూడా వేశావు," అన్నాడు.

బ్రహ్మం వెనక కట్ట దగ్గరికెళ్ళి వంగి చూసి లేచాడు. బూతు మాట ఒకటి నోటిదాకా వచ్చి, మేస్త్రి గారు ఉన్నాడని ఆగింది. "చెక్కముక్కలా? నా కట్టలో చెక్కముక్కలా? కోసి ఉప్పూకారం పెట్టినా ఇంత మండేది కాదు కదరా!"

"అడిగాను," అన్నాడు కొండలు. "ముగ్గుర్నీ అడిగాను. ఒక్కడు విన్నాడా? పందెం కారు కట్టమంటే లారీ కట్టిచ్చారు. కాటా దగ్గర నవ్వింది మీరు కాదా?"

అది నిజమే మరి.

"ఇంకోసారి అడగొద్దూ?" అన్నాడు రత్తయ్య. చేతిలో బోల్టు తల తిప్పుకుంటున్నాడు. వేళాకోళం గొంతులో లేదు. "తిడితే తిట్టేవాళ్ళం. నాలుగోసారికి విసిగి ఒప్పుకునేవాళ్ళం. ఈ తలకాయలు కొయ్యడానికి ఎంతసేపు పట్టింది నీకు?"

కొండలు తారు వైపు చూస్తున్నాడు. చక్రానికి జారగిలబడ్డాడు.

"మీరు ఎక్కుతారనుకోలేదు," అన్నాడు. "పందెంలో ఉండేది నేనొక్కణ్ణే కదా. విరిగినా పడినా నేనొక్కణ్ణే పోతాననుకున్నా."

మేస్త్రి గారు ఇంకా ఇనుప పలక మీదే ఉన్నాడు. దిగడానికి కాలు సహకరించలేదు. రెండు చేతులతో ఆ కాలు ఎత్తి బయట పెట్టుకుని, కొండలు భుజం ఆసరా పట్టుకుని లేచి నిలబడ్డాడు. చెయ్యి తియ్యలేదు.

"ఆ ఒక్కడు ఎవరి మనిషనుకున్నావురా?" అన్నాడు.

ఎండ ఎక్కింది. అంతదూరం మళ్ళీ ఇంజను వెయ్యడానికి ఎవరికీ ధైర్యం లేదు. వెనక్కి తోసుకుంటూ బయల్దేరారు. బ్రహ్మం, రత్తయ్య వెనక నుంచి తోశారు. కొండలు స్టీరింగు పక్కన నడుస్తూ తోశాడు. యోహాను కాసేపు వెనకే ఒంటరిగా నడిచాడు. తర్వాత వచ్చి ఎడమ పక్క చెయ్యి వేశాడు. మేస్త్రి గారు అందరికంటే వెనక, కాలీడుస్తూ.

ఆ చట్రం మళ్ళీ కొయ్యాల్సి వచ్చింది. యోహాను కొత్త ఛానల్ తెచ్చాడు, ఈసారి కొండలు చెప్పిన మందమే. అతికించినన్నాళ్ళూ కొండలుతో ఒక్క మాటా మాట్లాడలేదు. బ్రహ్మం కట్ట మళ్ళీ కట్టాడు, ఒక్క పట్టీ తగ్గించి. పని ముగిసేసరికి పందెం రోజు దాటిపోయింది. మరుసటి ఏడు ఆ రన్‌వేకు కంచె వేసి గేటు పెట్టారు. మళ్ళీ అక్కడ రేసు జరగలేదు.

ఆ కారు ఏ పందెంలోనూ దిగలేదు.